నిలకడ నేదంట

పదకొండున్నర దాటింది. ఈయన గురక మొదలై గంటైంది. నాకు మాత్రం కళ్ళు మూసుకుంటే చాలు, సంబంధాల పిన్ని చంకలోని ఆనపకాయే కనిపిస్తోంది.

పొద్దున్న ఎంవీపీ రైతుబజార్లో బెండకాయలు ఏరుకుంటుంటే వచ్చి పక్కన నిలబడింది. నా ముందున్న గుట్టలోంచి ఒక్కో కాయా తీసి, కొస విరిచి, మళ్ళీ అందులోనే పడేస్తూ, ఎటో చూస్తూ మా తమ్ముడి సంబంధం సంగతి చెప్పింది. "గాజువాకోళ్ళు వద్దంతన్నారమ్మా. జాతకాలు కుదిరాయి, పిల్లకీ నచ్చాడు. ఎనిమిదేళ్ళలో ఆరు కంపెనీలేటి? కుర్రోడికి నిలకడ నేదంట."

నేనేమన్నాను? "అలాగా పిన్నీ" అన్నాను. అదీ నా ప్రతాపం. ఇంటికొచ్చి కూర తరుగుతుంటే అప్పుడొచ్చాయి జవాబులన్నీ, బారులు తీరి. ఆవిడ విరిచి పడేసినవే సగం నా సంచిలోకి వచ్చాయని కూడా అప్పుడే చూశాను.

అసలు ఒళ్ళు మండింది వద్దన్నందుకు కాదు. వద్దనడం వాళ్ళ హక్కు. జాతకం కంటే ముందు రిలీవింగ్ లెటర్లు అడిగారట! ఆరు లెటర్లూ మా చిన్నోడు బుద్ధిగా స్కాన్ చేసి పంపాడట, నాకు చెప్పకుండా. వాటిని ఆ పిల్ల మేనమామ ముందు పెట్టారు. ఆయన ఇరవై రెండేళ్ళుగా ఒకే ఆఫీసు, ఒకే సీటు. ఆ మాట పిన్ని రెండుసార్లు చెప్పింది, సింహాచలం అప్పన్న గురించి చెప్పినంత భక్తిగా. కుర్చీ కదలకపోవడం ఒక గొప్పా? కదలనివి చాలా ఉంటాయి లోకంలో. మా వీధి చివర పాడైపోయిన ట్రాన్స్‌ఫార్మర్ కూడా పదేళ్ళుగా ఒకేచోట ఉంది.

సరే, అప్పటినుంచీ బుర్రలో తిరుగుతున్నది అబ్రూ. సెబాస్టియన్ అబ్రూ, ఉరుగ్వే ఫుట్‌బాల్ స్ట్రైకరు. మా ఇంట్లో వాడి పేరు "పదమూడోవాడు", ఎప్పుడూ ఆ నంబరు చొక్కాయే కాబట్టి. వాళ్ళ దేశంలో "ఎల్ లోకో" అంటారు, అంటే పిచ్చోడు. 2017 డిసెంబర్లో చిలీలో ఆడాక్స్ ఇటాలియానోలో చేరాడు. అది ఇరవై ఆరో క్లబ్బు, గిన్నిస్ వాళ్ళు రాసుకున్నారు. అప్పటిదాకా రికార్డు ఒక జర్మన్ గోల్‌కీపరుది, ఇరవై అయిదు. నలభై ఒకటో ఏట ఆ రికార్డు కొట్టి కూడా ఆగలేదు మహానుభావుడు. 2021లో, నలభై నాలుగో ఏట, ఆట మానేసేసరికి ముప్పై దాటించాడు. పదకొండు దేశాలు. ఉరుగ్వే, అర్జెంటీనా, బ్రెజిల్, మెక్సికో, స్పెయిన్ సరే, ఇజ్రాయెల్, గ్రీసు, ఎల్ సాల్వడార్ కూడా. వీడి రిలీవింగ్ లెటర్లు మేనమామ గారి ముందు పెడితే ఎలా ఉంటుందో!

వాణ్ణి మేం మొదటిసారి గుర్తుపట్టి చూసింది 2010 జులై 2 రాత్రి. కంచరపాలెం ఇంట్లో. వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్, ఉరుగ్వేకీ ఘనాకీ. మ్యాచ్ మనకి అర్ధరాత్రి పన్నెండింటికి మొదలు. టీవీ ఉన్న గదిలోనే అమ్మ పడుకునేది, కాబట్టి సౌండు సున్నా. నాన్న బనీనుతో నేలమీద, చిన్నోడు ఆయన పక్కన, నేను గుమ్మంలో. చిన్నోడు అప్పుడు పదో తరగతి, పొద్దున్న స్కూలుంది. నాన్న రిటైరయిన కొత్త, ఎవరికీ పొద్దున్నే లేవమని చెప్పే మూడ్‌లో లేరు.

నాన్న ఘనా పక్షం. గెలిస్తే ఆఫ్రికా నుంచి సెమీస్‌కి వెళ్ళిన మొదటి టీమ్ అవుతుందని మాకు చెవిలో చెప్పారు, గుళ్ళో మంత్రం చెప్పినట్టు. ఒకటి ఒకటి మీద ఎక్స్‌ట్రా టైం అయిపోవస్తోంది. గోల్లోకి పోయే బంతిని ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ చేత్తో తోసేశాడు. నాన్న గుడ్డ నోట్లో కుక్కుకున్నంత పని చేశారు. వాడికి రెడ్ కార్డు, ఘనాకి పెనాల్టీ. గ్యాన్ కొట్టాడు, పై బారుకి తగిలి పైకి పోయింది. బయటకి పోతూ పోతూ సువారెజ్ ఎగిరి గంతేశాడు. "దొంగవెధవ" అన్నారు నాన్న, సౌండు లేకుండానే.

తర్వాత షూటౌట్, అంటే చెరో అయిదు పెనాల్టీలు. ఘనావాళ్ళవి రెండు కీపరు ఆపేశాడు, ఉరుగ్వేది ఒకటి బారు పైనుంచి పోయింది. ఇక ఐదో కిక్కుకి, ఆట మధ్యలో దిగిన పొడుగు మనిషి నడిచొస్తున్నాడు. పొడుగు జుట్టు, పదమూడు నంబరు. పెడితే సెమీస్. పరిగెత్తుకొచ్చాడు. ఇంకేముంది, బద్దలయ్యేలా కొడతాడనుకున్నాం. కీపరు ఒక పక్కకి పడ్డాడు. వీడు బంతి కిందకి కాలు పెట్టి, పెనం మీద అట్టు తిప్పినట్టు అలా లేపాడు. అది తీరిగ్గా గాల్లో పోయి, గోలు మధ్యలో దిగింది.

నాన్న చప్పట్లు కొట్టేశారు. ఘనా ఓడిందని కూడా మర్చిపోయి! అమ్మ లేచి కూర్చుంది. "ఏటా గోల, దొంగలు పడ్డారా?"

ఆ తన్నుడుకి పానెంకా అని పేరనీ, 1976 యూరో ఫైనల్లో చెకొస్లొవేకియా తరఫున పానెంకా అనే ఆయన మొదట కొట్టాడనీ చిన్నోడు ఆ వారమే నెట్ సెంటర్లో చదివొచ్చాడు. ఆ తన్ను జూన్‌లో పుట్టింది, అబ్రూ అక్టోబర్లో పుట్టాడు, అదే ఏడు. పైగా 2010 ఏప్రిల్లోనే బ్రెజిల్లో బొటఫోగో తరఫున ఫ్లమెంగో మీద అచ్చం ఇలాగే లేపి టైటిల్ కొట్టాడట. అంటే పిచ్చి కాదు, అలవాటే. అన్ని ఊళ్ళు తిరిగినవాడికి ఎవరి ముందు ఎలా నిలబడాలో తెలుస్తుంది అన్నారు నాన్న. వెంటనే వేళ్ళు మడిచి ఆయన పనిచేసిన బ్యాంకు బ్రాంచీలు లెక్కపెట్టుకున్నారు. పలాస, సాలూరు, రాజాం, నర్సీపట్నం, తుని...

ఇదీ నేను పిన్నికి చెప్పాల్సిన జవాబు అనుకుంటూ ఇందాకటిదాకా ఉత్సాహంగా టైపు చేశాను. ఇక్కడే చెయ్యి ఆగింది.

ఎందుకంటే అబ్రూ కథ మళ్ళీ తీసి చూస్తే నా వాదన అంత గట్టిగా లేదు. స్పెయిన్‌లో డిపొర్టివో క్లబ్బు వాళ్ళు 1998లో కొన్నారు. 2004 దాకా వాళ్ళ మనిషే. కానీ ఆడించింది తక్కువ, ఏడాదికో ఊరికి లోన్ మీద పంపింది ఎక్కువ. బ్రెజిల్, మెక్సికో, అర్జెంటీనా, సొంత దేశం. మన బ్యాంకు భాషలో డెప్యుటేషన్. అంటే మొదట్లో వాడు తిరగలేదు, తిప్పారు. తర్వాతే అలవాటయి ఉంటుంది. నాన్నని తిప్పినా అంతే. ఆర్డరు కాయితం మీద వచ్చింది కాబట్టి తొమ్మిది ఊళ్ళు మారినా నిలకడ లేనివాడని ఒక్కరూ అనలేదు. ప్రమోషన్ అన్నారు. చిన్నోడి ఆరింట్లో రెండు మూతపడ్డాయి, ఒకటి ప్రాజెక్టు అయిపోయింది పొమ్మంది. మిగతావి మాత్రం... సరే, మిగతావి వాడే మానేశాడు. ఒకటయితే క్యాంటీన్ బాలేదని. అది నాకు తెలుసు, గాజువాకకి తెలీదు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. పోయిన సంక్రాంతికి "ఒక్కచోట కుదురుగా ఉండలేవురా?" అని వాణ్ణి అడిగింది నేనే. పిన్ని కంటే ముందు.

మధ్యాహ్నం అమ్మకి ఫోన్ చేసి గాజువాక మీద ఓ అరగంట దుమ్మెత్తిపోశాను. అంతా విని, "వాళ్ళన్నదాన్లో తప్పేముందే? సామాను సర్దేది ఆ పిల్లే కదా" అంది. తర్వాత రుబ్బురోలు గురించి మాట్లాడింది. సాలూరులో లారీవాడు ఎక్కించనంటే పక్కింటివాళ్ళకి ఇచ్చేసి వచ్చిన రోలు, అమ్మమ్మ ఇచ్చింది. దాని గుంటలో నీళ్ళు పోసి వచ్చిందట, పిచ్చుకల కోసం. ముప్పై ఏళ్ళలో ఆ నీళ్ళ సంగతి ఇవాళే మొదటిసారి చెప్పింది. నాన్న చప్పట్లు కొట్టిన రాత్రి ఆవిడ ఎందుకు మళ్ళీ అటు తిరిగి పడుకుందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

సాయంత్రం ఆర్కే బీచ్‌లో మా బుజ్జిగాడి ఆట. చెప్పులే గోలుపోస్టులు. పానెంకా నేనే నేర్పాను వాడికి. మొదటిది ఇసకలో కూరుకుపోయింది. కీపరు లేచి, ఒళ్ళు దులుపుకుని, వచ్చి చేత్తో తీసుకున్నాడు. రెండోది మాత్రం కీపరు తలమీంచి పోయి, చెప్పుల మధ్య పడి, తడి ఇసకలో అక్కడే నిలబడిపోయింది. బుజ్జిగాడు నావైపు చూశాడు. నేను ముంత మసాలా తింటూ చెయ్యి ఊపాను. ఒక్క నిమిషం గాజువాక గుర్తు రాలేదు.

ఇందాకే చిన్నోడికి మెసేజ్ పెట్టాను, వాళ్ళు వద్దన్నారని మాత్రమే. కారణం రాయలేదు. వెంటనే జవాబొచ్చింది. "సరేలే అక్కా. నీకే ముందు చెబుతున్నా, ఏడోది వచ్చింది. పుణె. అమ్మకి అప్పుడే చెప్పకు."

కంగ్రాట్స్ అని టైపు చేశాను. ఇంకా పంపలేదు. ఈయన అటు తిరిగారు, గురక ఆగింది.