తెలుగంటే నువ్వు అరిచే భాష

అనంతపురం నుంచి జేజి వీడియో కాల్‌లో “మాట్లాడమ్మా” అని బతిమాలుతాంటే ఏడేండ్ల పాప తల అడ్డంగా ఊపింది. “తెలుగు వద్దు నాయనా. అది నువ్వు అరిచే భాష.”

నిజమే. తిట్టేది తెలుగులో, సారీ చెప్పేది ఇంగ్లీషులో. ఆ సారీ కూడా రాని పూట ఉగ్గాని. బొరుగులు నీళ్లలో ముంచి పిండి, తిరగమాత పెట్టి, పుట్నాలపొడి చల్లి ముందర పెడితే లెక్క సరిపోయిందని మా ఇండ్లల్లో నమ్మకం.

పిల్లల లెక్క వేరు. చిన్న వయసులో ఇంట్లో ఏం జరిగినా దానికి చాలాసార్లు తామే కారణమనుకుంటారు. ఆఫీసు చిరాకు ఇంటికొచ్చిందని వాళ్లకు తట్టదు, ‘నేను మంచిదాన్ని కాదు’ అనే తడుతుంది. ఆ లెక్క తప్పని ఎవరూ చెప్పకపోతే అదే పెద్దదవుతుంది. మేనేజరు “ఒకసారి కాల్ చెయ్” అంటే కడుపులో తిప్పేది, ఎవరన్నా మెచ్చుకుంటే మాట మార్చేది, భార్య అరగంట గమ్మునుంటే “నేనేం చేసినా?” అని మూడుసార్లు అడిగేది, ఎదుటోళ్లు వదిలేయకముందే మనమే దూరం జరిగేది, అంతా ఆ పాత లెక్కే కావచ్చు.

అమెరికాలో 1995–97 మధ్య 17 వేల మందికి పైగా పెద్దవాళ్లను వాళ్ల బాల్యం గురించి అడిగిన ఏస్ (ACE, అంటే చిన్నప్పటి చేదు అనుభవాలు) అధ్యయనం పేరు చాలామంది వినే ఉంటారు. దాన్నుంచి వచ్చిన పది రకాల చేదు అనుభవాల జాబితాలో దెబ్బలు, ఇంట్లో తాగుడు, తల్లిని కొట్టడం ఉన్నాయి. కరువుకు అమ్మానాయన బెంగళూరు పనులకు పోతే జేజి దగ్గర పెరగడం అనేది అందులో లేదు. “చిన్నాయన కొడుకును చూసి బుద్ధి తెచ్చుకో” కూడా లేదు. అందుకే ఆ పదిలో తమకు ఎన్ని జరిగినాయో లెక్కేస్తే సున్నా వచ్చినోళ్లు ‘మాకేం కాలేదు’ అనుకోకూడదు. ఎక్కువొచ్చినోళ్లు భయపడేదీ లేదు. అది జనం మొత్తానికి వేసే కొలత, ఒక మనిషి జాతకం కాదు.

అరిచినాక చేయాల్సింది ముందు ఆగడం. భార్యాభర్తల గొడవల మీద పనిచేసిన సైకాలజిస్టు జాన్ గాట్‌మన్, కోపంతో వేడెక్కిన ఒళ్లు చల్లబడేదానికి కనీసం 20 నిమిషాలు కావాలంటాడు. అంతకుముందే చెప్తే సారీ కాస్తా రెండో విడత తిట్టవుతుంది. తర్వాత కింద కూచోని, బిడ్డ కండ్లకు సమానంగా, తెలుగులోనే చెప్పాల: “నేను అరిచినా. అది నా తప్పు, నీది కాదు.” ‘తప్పయింది’ అంటే చాలదు, ఎవరివల్ల అయిందో అందులో లేదు. ‘కానీ’ అన్నామా, మొత్తం చెడింది. అరిచింది పాలు ఒలకబోసినందుకైతే, ఆ సంగతి ఇంకో పూట మాట్లాడుకోవచ్చు.

బిడ్డ వెంటనే “పర్లేదు నాయనా” అని వీపు నిమిరితే మురిసిపోవద్దు. పెద్దవాళ్ల మొహం చూసి మసులుకునే డ్యూటీ ఎక్కిందేమో చూడాల. “నన్ను ఊరడించే పని నీది కాదు” అని చెప్పి లేయడం మేలు.

ఇంత తెలిసీ, పాప అన్నం ముందు నసిగిందంటే నోట్లోంచి వచ్చేది “గమ్మున తిను” అనే. పోనీ ఇంగ్లీషులో అరిస్తే తెలుగన్నా బతుకుతుందేమో అనుకున్నా. నాకు ఇంగ్లీషులో కోపం సరిగా రాదు.

మా నాయన ‘నా తప్పు’ అని ఎప్పుడూ అనలేదు. ఫోన్ చేస్తే మొదటి మాట “తిన్న్యావా?” దాన్ని ఉగ్గాని లెక్కలో వేసుకోవాల్నా, వద్దా? ఇంకా తేల్లేదు.