చెరువు గట్టు మీద సర్కారు తుమ్మ: గుర్తుపట్టి కంప్లైంట్ పెట్టిన నా అనుభవం

మేముండేది చెన్నైలో పళ్ళికరణై వైపు. దగ్గర్లో చెరువు గట్టంతా ముళ్ళ చెట్లే, మా అపార్ట్‌మెంట్ గ్రూపులో అందరూ "అంతా సీమై కరువేలమే (సర్కారు తుమ్మకి తమిళ పేరు), జేసీబీ పెట్టి మొత్తం తీయించేద్దాం" అని లెటర్ రాసేస్తుంటే నేను ఆపాను, ముందు ఏ చెట్టు ఏదో చూద్దాం అని. నెల్లూరు పల్లెలో నల్ల తుమ్మ చూస్తూ పెరిగినదాన్ని కదా, గట్టు మీద అవీ ఉన్నాయని దూరం నుంచే తెలుస్తోంది.

పక్క బ్లాకులో కడప బాబాయ్ ఒకాయన ఉన్నారు, ఆయన్ని తోడు తీసుకెళ్ళా. "ఇది మా కంపచెట్టే కదమ్మా" అన్నారు చూడగానే. కంపచెట్టన్నా సర్కారు తుమ్మే. మెక్సికో, మధ్య అమెరికా వైపు చెట్టు ఇది, మన దేశంలో మొదట నాటిన చోట్లలో కడప ఒకటి, 1877లో.

ముల్లొక్కటే చూస్తే అన్నీ ఒకటే అనిపిస్తాయి, పువ్వూ కాయా కూడా చూడాల్సిందే. సర్కారు తుమ్మ పువ్వు లేత పసుపు కంకిలా పొడుగ్గా ఉంటుంది, నల్ల తుమ్మది గుండ్రటి పసుపు బంతి. సర్కారు తుమ్మ కాయ పసుపుగా, బద్దలా, తియ్యగా ఉంటుంది, అందుకే పశువులూ మేకలూ తిని పేడలో విత్తనాలు ఎక్కడెక్కడికో మోస్తాయి. నల్ల తుమ్మ కాయ గింజకీ గింజకీ మధ్య నొక్కుకుపోయి పూసల దండలా ఉంటుంది. జమ్మికి ముళ్ళు కణుపు దగ్గర జంటగా కాదు, కొమ్మ పొడుగునా విడివిడిగా ఉంటాయి. సీమ చింత అయితే ఇంకా ఈజీ, ఒక్కో ఆకుకి నాలుగే చిట్టి ఆకులు, కాయ చుట్టలు తిరిగి ఉంటుంది (అదీ మెక్సికో వైపు నుంచి వచ్చిందే, కానీ పిల్లలు తినే చెట్టు, దాని జోలికి ఎందుకు).

ప్రతి చెట్టుకీ ఆకు, ముల్లు, పువ్వు, కాయ దగ్గర్నుంచి ఫోటోలు తీసి లొకేషన్‌తో ఐనాచురలిస్ట్‌లో (మొక్కల్నీ జీవుల్నీ గుర్తుపట్టే యాప్) పెట్టా. సర్కారు తుమ్మ శాస్త్రీయ నామం ప్రోసోపిస్ జూలిఫ్లోరా, దాన్ని ఇప్పుడు నెల్టుమా జూలిఫ్లోరా అని కూడా అంటున్నారు, రెండు పేర్లతోనూ వెతకండి. తర్వాత ఆ ఫోటోలు, మ్యాపు, 2022లో తమిళనాడు ప్రభుత్వం తెచ్చిన దురాక్రమణ మొక్కల (బయటి నుంచి వచ్చి ఇక్కడి మొక్కల్ని తొక్కేసేవి) పాలసీ ప్రస్తావన, అన్నీ కలిపి లెటర్ పెట్టాం. కార్పొరేషన్ ఏరియాలో 1913కి ఫోన్ చెయ్యొచ్చు గానీ చెరువు ఒక శాఖది, రోడ్డు ఇంకో శాఖది, అడవి మరొకరిది, కాబట్టి స్థలం ఎవరిదో ముందే కనుక్కుంటే మీ కాగితం టేబుళ్ళ మధ్య తిరగదు. మాది బాగానే తిరిగింది. పక్షుల గూళ్ళున్న కొమ్మల్ని పిల్లలు ఎగిరిపోయేదాకా ముట్టుకోవద్దని కూడా లెటర్‌లో రాశాం, ఆ లైను నాకు చాలా ముఖ్యం.

పని రోజు ఉంచాల్సిన చెట్లకి ఎర్ర గుడ్డలు కట్టాం. జేసీబీ తమ్ముడికి జమ్మిని చూపించి "ఇదు వన్ని మరం" అనగానే బండి పక్కకి తిప్పేశాడు. సర్కారు తుమ్మని మాత్రం వేళ్ళతో సహా పెకలించమని పక్కనే నిలబడి అడిగాం, పైన కొట్టేస్తే మోడు నుంచి మళ్ళీ గుబురుగా చిగురేస్తుంది.

నేలలో విత్తనాలు ఇంకా ఉన్నాయి, వానలకి మొలకలు లేస్తున్నాయి, జానెడున్నప్పుడే ఆదివారాలు పీకుతున్నాం. ఆ వైపు ఉండేవాళ్ళు రండి, మందపాటి గ్లౌజులు, బూట్లు తెచ్చుకోండి, ఈ ముల్లు చెప్పు అడుగులోంచి దిగుతుంది.