గుండె రోగి నిద్రలో ఊపిరి ఆగుతున్నదా? పక్కన పడుకున్నవారే చెప్పాలి

గుండె వైఫల్యానికి మందులు వాడేవారిని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్తే కాళ్ల వాపు, ఆయాసం, బరువు గురించి అడుగుతారు. నిద్రలో ఊపిరి ఎలా సాగుతున్నదో మాత్రం రోగికే తెలియదు కనుక ఆయన చెప్పలేడు. దేవరకొండ దగ్గరి మా ఊరి నుంచి మా నాయనను నల్లగొండకు చూపించడానికి తీసుకుపోయినప్పుడల్లా అమ్మ బయటి బెంచీ మీదనే కూర్చునేది. ఒకసారి డాక్టరు ఆమెను లోపలికి పిలిచి అడిగితే, "నిద్రల దమ్ము ఆగుతది సారూ, మళ్ల జోరుగ గుంజుకుంటడు" అన్నది. ఆ మాట విన్నాకనే ఆయన నిద్ర పరీక్ష రాశారు.

గుండె వైఫల్యం ఉన్నవారిలో సుమారు సగం మందికి నిద్రలో శ్వాస సక్రమంగా ఉండదు. పది సెకన్లు లేదా అంతకు మించి ఊపిరి ఆగడాన్నీ, బాగా తగ్గడాన్నీ లెక్కపెట్టి, అవి గంటకు 15 దాటితే మధ్యస్థమని, 30 దాటితే తీవ్రమని అంటారు. ఇందులో రెండు రకాలున్నాయి. గొంతు కండరాలు సడలి దారి మూసుకుపోవడం ఒకటి. ఇందులో ఛాతీ ఊపిరి కోసం పెనుగులాడుతూనే ఉంటుంది, గురక పెద్దగా వస్తుంది. పగలంతా కాళ్లలో నిలిచిన నీరు పడుకోగానే మెడ వైపు చేరి ఈ దారిని మరింత ఇరుకు చేస్తుంది.

రెండవది గుండె జబ్బు నుంచే పుట్టేది. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు నిలిచినప్పుడు అక్కడి నాడీ గ్రాహకాలు రేగి శ్వాసను వేగిరపరుస్తాయి. వీటిలో జె గ్రాహకాలను కనుగొన్నది మన దేశ శాస్త్రవేత్త అవతార్ సింగ్ పెయింటాల్ అని తెలిసి నాకు గర్వంగా అనిపించింది. ఆ వేగానికి రక్తంలో కార్బన్ డయాక్సైడు తగ్గిపోతుంది, అది ఒక హద్దు కంటే దిగితే ఊపిరి తీయమనే ఆజ్ఞ మెదడు నుంచి రాదు, ఛాతీ కదలకుండా నిలిచిపోతుంది. రక్తం నెమ్మదిగా నడుస్తుంది గనుక ఊపిరితిత్తుల్లో జరిగిన మార్పు మెదడుకు ఆలస్యంగా తెలుస్తుంది, అందుకే శ్వాస మెల్లగా పెరిగి, పెరిగి, మళ్లీ తగ్గి ఆగిపోయే చక్రం తిరుగుతూ ఉంటుంది. డబ్లిన్‌లో జాన్ చైన్ 1818లో, విలియం స్టోక్స్ 1854లో వర్ణించినందున దీనికి చైన్–స్టోక్స్ శ్వాస అని పేరు. ఇలాంటి రోగులు చాలామంది పగటి నిద్రమత్తు గురించి ఫిర్యాదు చేయరు, కనుక అది లేదని నిశ్చింతగా ఉండరాదు.

ఏ రకమో తేలకుండా మిషను తెచ్చుకోవడం ప్రమాదకరమని నేను గట్టిగా చెబుతున్నాను. గొంతు మూసుకుపోయే రకానికి, మాస్కు ద్వారా గాలి ఒత్తిడితో దారిని తెరిచి ఉంచే సీప్యాప్ మిషను మేలు చేస్తుంది. కానీ గుండె పంపింగు 45 శాతం లేదా అంతకు తక్కువగా ఉండి, ప్రధానంగా రెండవ రకం ఉన్న 1325 మందిపై జరిగి 2015లో వెలువడిన సర్వ్–హెచ్‌ఎఫ్ అధ్యయనంలో, శ్వాసను తనంతట తానే సర్దే ఏఎస్‌వీ మిషను వాడినవారిలో గుండె సంబంధ మరణాలు పెరిగాయి. నిద్ర పరీక్ష అంకెలు చక్కబడినా ప్రాణానికి మేలు జరగలేదన్నది నన్ను చాలా ఆలోచింపజేసింది. మా నాయనకు తేలింది ఈ రెండవ రకమే. డాక్టరు మిషను రాయలేదు. గుండె మందులను, మూత్రం మాత్ర మోతాదును సవరించారు, తొక్కులు (పచ్చళ్లు), ఉప్పు తగ్గించమన్నారు, తల ఎత్తు పెట్టుకొని పక్కకు తిరిగి పడుకోమన్నారు. ఊపిరి ఆగడం తగ్గింది, పూర్తిగా పోలేదు.

మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో మరొకటి తప్పక అడగాలి. కల్లులో అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలుపుతున్నట్లు ఎక్సైజ్ దాడుల్లో పలుమార్లు బయటపడింది. ఈ మత్తు గొంతు కండరాలను వదులు చేస్తుంది, ఊపిరి ఆగినప్పుడు మెలకువ తెచ్చే మెదడు స్పందననూ మొద్దుబారుస్తుంది. దుకాణంలో చీటీ లేకుండా కొనే నిద్రమాత్రదీ అదే పని. అయితే ఏళ్లుగా అలవాటైనవారు ఒక్కసారిగా మానితే వణుకు, మతిభ్రమ, ఫిట్స్ రావచ్చు, కనుక తాగుతున్న సంగతిని సిగ్గుపడి దాచకుండా డాక్టరుకు చెప్పి, ఆయన పర్యవేక్షణలో క్రమంగా తగ్గించుకోవాలి.