ఆప్షన్లు లాక్ చేసేముందు బెంగళూరులో రెండు రోజులు

నీట్ పీజీలో నాకొచ్చిన ర్యాంకుకి బెంగళూరులో జనరల్ సర్జరీ డీఎన్‌బీ (ఎంఎస్‌తో సమానమైన, ఆసుపత్రుల్లో చేసే పీజీ కోర్సు) సీటు దొరికేలా ఉందని తెలిసినప్పుడు ఇంట్లో వినిపించిన మొదటి మాట, "ఆడపిల్లవి, గైనిక్ చూసుకోరాదా" అని. ఆ వాదన ఇక్కడ రాయను. హౌస్‌సర్జన్సీలో ఉండగా కర్నూలు పెద్దాసుపత్రిలో ఒక రాత్రి, పేగుకి రంధ్రం పడ్డ కేసులో రిట్రాక్టర్ (కోసిన చోటుని తెరిచి ఉంచే పనిముట్టు) పట్టుకుని నిలబడ్డప్పుడే నా నిర్ణయం అయిపోయింది. మిగిలింది ఎక్కడ చేరాలన్నదే.

మన దగ్గర పీజీ సీటుకి ఇంటర్వ్యూ ఉండదు. ఎంసీసీ (మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టి లాక్ చేస్తే ర్యాంకుని బట్టి సీటు వస్తుంది. వాళ్లు మనల్ని చూడరు కాబట్టి మనమే వెళ్లి వాళ్లను చూసుకోవాలి. మూడేళ్లు గడపాల్సిన చోటు మరి. రెండు ఆసుపత్రుల సర్జరీ హెచ్ఓడీలకు (విభాగాధిపతులకు) మెయిల్ పెట్టి, రమ్మన్నాక మారతహళ్లిలో పిన్ని వాళ్లింట్లో దిగాను.

మొదటిది పేరున్న కార్పొరేట్ ఆసుపత్రి. హెచ్ఓడీ గారు ఎంతో మర్యాదగా మాట్లాడారు, ఆపరేషన్ థియేటర్లు చూపించారు, సర్జరీ రోబో ఉన్న గది కూడా చూపించారు. బయటికొచ్చేసరికి ఇక్కడే చేరాలనిపించింది. మధ్యాహ్నం క్యాంటీన్‌లో సెకండియర్ రెసిడెంట్ (అక్కడ పీజీ చేస్తున్న డాక్టర్) ఒకాయన కలిశారు, నెల్లూరు వాళ్లు. "అన్నా, పోయిన నెల మీ చేత్తో ఎన్ని కేసులు చేశారు?" అని అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, పాల్గొన్న కేసులన్నీ రాసుకునే లాగ్‌బుక్ తెరిచి, రోగి వివరాలున్న చోట చెయ్యి అడ్డం పెట్టి చూపించారు. పేజీ తర్వాత పేజీ 'అసిస్టెడ్' అనే ఉంది, అంటే పక్కన నిలబడి సాయం చేసినవి. సొంతంగా చేసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డబ్బు కట్టి వచ్చిన రోగి ఫలానా డాక్టరే చెయ్యాలని వస్తాడు, అది అతని హక్కు. కానీ అందరూ అలాంటి రోగులే ఉన్న చోట రెసిడెంట్ చేతికి కత్తి ఎప్పుడొస్తుంది?

రెండోది ట్రస్టు ఆసుపత్రి. గోడలకు రంగు వెలిసిపోయింది, లిఫ్ట్ దగ్గర క్యూ. జనరల్ వార్డు నిండా ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటక కింద వచ్చినవాళ్లు, మన ఆరోగ్యశ్రీ లాగే. వార్డులో కన్నడం ఎంత వినిపించిందో తెలుగు, తమిళం కూడా అంతే వినిపించాయి.

అక్కడ థర్డియర్ అక్కది మదనపల్లె. తను చేసినవి చెప్పింది: మొదటి ఏడాది కుట్లు, చీముగడ్డలు కోయడం, హైడ్రోసీల్. రెండో ఏడాది అపెండిక్స్, హెర్నియా. మూడో ఏడాది గాల్‌బ్లాడర్. లాగ్‌బుక్ కూడా అదే చెప్పింది. అయినా నా టెన్షన్ తీరలేదు. పైన చూసేవాళ్లు లేకే రెసిడెంట్లతో కోయించే చోట్లు కూడా ఉంటాయని సీనియర్లు ముందే హెచ్చరించారు. అలాంటి చోట మనం నేర్చుకుంటాం, మూల్యం మాత్రం రోగి చెల్లిస్తాడు. అందుకే అడిగాను, "అక్కా, రాత్రి రెండింటికి లోపల రక్తం ఆగకపోతే ఏం చేస్తావ్?"

"సర్‌కి ఫోన్ చేస్తా. క్వార్టర్స్ ఇక్కడే, పది నిమిషాల్లో వచ్చి, స్క్రబ్ అయ్యి ఆపరేషన్‌లో చేరతారు. ఎందుకు పిలిచావని ఇంతవరకూ ఒక్కసారీ తిట్టలేదు."

ఆ చివరి మాటే నన్ను పట్టేసింది. తిడతారన్న భయంతో ఫోన్ చెయ్యడం ఆలస్యమైతే ఏమవుతుందో హౌస్‌సర్జన్‌గా నేను చూశాను.

ఇంకా చాలా అడిగాను. స్టైపెండ్ నెలనెలా పడుతోంది. నిబంధనల ప్రకారం ఏడాదికి 30 రోజుల సెలవు, ఇస్తారు గానీ పరీక్షల ముందు దాచుకోమంది. థీసిస్ గైడ్ దొరుకుతారు. ఆడవాళ్ల డ్యూటీ రూముకి లోపలి గడియ పనిచేస్తోందా అని కూడా వెళ్లి చూశాను. పనిచేస్తోంది. ఆసుపత్రి చూడ్డానికి వెళ్లే అమ్మాయిలు దీన్ని అడగడానికి మొహమాటపడొద్దు.

లోటు లేకపోలేదు. ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్) సెట్ ఒక్కటే ఉంది, మొదటి రెండేళ్లు ఎక్కువగా కెమెరా పట్టుకోవడమే. ఈ ఒక్క విషయం మీద రెండు రాత్రులు ఆలోచించాను. ఓపెన్ సర్జరీలో చెయ్యి తిరిగాక ల్యాప్ కోసం తర్వాత ఫెలోషిప్ చేసుకోవచ్చు. మొదటిదే కుదరకపోతే రెండోది దేనిమీద నిలబెట్టుకోవాలి?

లాక్ చేసే రాత్రి నాన్న ఫోన్ చేశారు. "ఆ రోబో ఉన్నది పైన పెట్టావా అమ్మా?"

"లేదు నాన్నా, రెండోది పెట్టాను." నెల్లూరు అన్న లాగ్‌బుక్ సంగతి చెప్పాను. కాసేపాగి, "ఆ మదనపల్లె అమ్మాయి నంబరు ఉందా? మీ అమ్మ మాట్లాడుతుందట" అన్నారు.