వన్ టప్పా అవుట్

మా అబ్బాయికి పదేళ్లు. పుట్టి పెరిగిందంతా ఒహాయోలోని కొలంబస్ దగ్గరే. బేస్‌బాల్ అంటే ప్రాణం. నేనేమైనా అడిగితే మాత్రం "నీకు తెలీదులే అమ్మా" అనేవాడు. కోపంతో అన్న మాట కాదు, అయినా మనసుకి గుచ్చుకునేది.

పోయిన వేసవిలో ఒకరోజు ఒహాయో విలేజ్‌కి వెళ్లాం, అది పాతకాలపు ఊరిలా కట్టిన మ్యూజియం. అక్కడి మఫిన్స్ అనే బేస్‌బాల్ జట్టు 1981 నుంచీ 1860 నాటి నియమాలతో ఆడుతోంది. చేతులకి గ్లోవ్స్ ఉండవు. బంతిని చెయ్యి కిందినుంచి, కొట్టేవాడికి అందేలా వేస్తారు. బ్యాటర్ పేరు స్ట్రైకర్, పరుగు పేరు ఏస్.

ఒకతను గట్టిగా కొట్టాడు. బంతి నేల మీద ఒకసారి పడి లేచింది, ఫీల్డర్ పట్టేశాడు. కొట్టినతను మారు మాట్లాడకుండా పక్కకి వెళ్లిపోయాడు.

"అదేంటి, అది అవుట్ కాదు కదా!" అన్నాడు మావాడు.

"అవుటే నాన్నా. వన్ టప్పా అవుట్" అన్నాను.

ఖమ్మంలో మా సందులో అన్నయ్యలతో ఆడిన క్రికెట్‌లో ఇదే రూలు. కాకపోతే మాకు ఒంటి చేత్తో పట్టాలి, వీళ్లకి రెండు చేతులూ చెల్లుతాయి. గట్టి బంతిని వట్టి చేతులతో పట్టాలంటే ఆమాత్రం వెసులుబాటు ఉండాలి మరి. అది పిల్లల ఆటలా ఉందని కొందరు పట్టుబట్టడంతో, మైదానం లోపలికి కొట్టిన బంతికి ఆ రూలు 1864 సీజన్‌తో పోయింది.

1845లో న్యూయార్క్‌లోని నికర్‌బాకర్ అనే బేస్‌బాల్ క్లబ్ నియమాలు రాసుకోకముందు, ఇలాంటి ఆటల్లో పరిగెత్తేవాణ్ణి బంతితో కొట్టి అవుట్ చేసేవారు. క్లబ్బు దాన్ని నిషేధించింది. మావాడికి ఇది చెబుతుంటే నాకు ఏడుపెంకులాట, వీపు మీద చుర్రుమన్న బంతి గుర్తొచ్చాయి. వాడికి ఆ ఆట కూడా చెప్పాను. పెంకులు ఎలా పేర్చాలో అక్కడే గడ్డి మీద రాళ్లతో చూపించాను.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. అంపైర్‌కి సరిగ్గా కనిపించనప్పుడు ఆటగాళ్లనే అడుగుతున్నాడు, వాళ్లు ఉన్నది ఉన్నట్టు చెబుతున్నారు. పిల్లల మ్యాచ్‌లంటే స్కోరు టెన్షన్‌తో వాడికి ముందురోజు నిద్రే పట్టదు. ఇక్కడ అవతలి జట్టువాడు మంచి క్యాచ్ పట్టినా అందరూ "హజ్జా" అని అరుస్తుంటే, వాడూ గొంతు కలిపాడు.

ఆట అయ్యాక పిల్లల్ని మైదానంలోకి రానిచ్చారు. వాడు బంతిని నా వైపు ఎత్తుగా విసిరాడు. ఒక టప్పా పడనిచ్చి, ఒంటి చేత్తో పట్టాను. అరచెయ్యి ఎర్రబడింది. వాడు పరిగెత్తుకొచ్చి నా చెయ్యి తిప్పి చూశాడు.

ఇంటికొస్తూ కారులో అడిగాడు: "అమ్మా, మీ సందులో బంతి పక్కింట్లో పడితే?"

"కొట్టినవాడు అవుట్. తెచ్చేది కూడా వాడే."

"తలుపు తియ్యకపోతే?"

ఆ కథ చెప్పేసరికి ఇల్లు వచ్చేసింది. వాడు కారు దిగలేదు.