ఐదు హెక్టార్ల గురించి ఢిల్లీకి ఒక కాగితం

మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, నది దాటితే తెలంగాణ. 2023 మే మొదట్లో ఒక ప్రకటన నా కంటపడింది. అడవి భూమిని వేరే పనికి వాడాలంటే కేంద్రం అనుమతి కావాలనే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించే బిల్లుపై, రెండు సభల ఎంపీలుండే సంయుక్త పార్లమెంటరీ కమిటీ ప్రజల సలహాలు అడుగుతోంది. గడువు 15 రోజులే. రాసేది హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండాలి.

ఎంపీలు ఓటేస్తే చట్టం అయిపోతుందనే అనుకునేవాణ్ని. మధ్యలో మనం మాట చెప్పుకునే చోటు ఒకటుందని అప్పుడే తెలిసింది.

బిల్లులో ఒక ముక్క దగ్గర ఆగిపోయాను. తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల్లో పారామిలిటరీ క్యాంపులకు, కేంద్రం చెప్పే ప్రజోపయోగ పనులకు ఐదు హెక్టార్ల దాకా అటవీ భూమికి ఆ చట్టం వర్తించదట. అంటే పన్నెండెకరాల పైమాటే. రోడ్డూ ఆసుపత్రీ మాకూ కావాలి. జాగా ఎక్కడో తేల్చేముందు గ్రామసభను అడగండి, అదే మా మాట.

మొదట రెండు పేజీలు అడవి మా ప్రాణమంటూ రాశాను. తెలిసిన వకీలు చదివి, ‘ఫలానా క్లాజులో ఫలానా మాటలు చేర్చండి అని రాయి, అప్పుడే వాళ్లకు పనికొస్తుంది’ అన్నాడు. ఆ రాత్రే తిరగరాశాను.

మే అంటే బీడీలు చుట్టే తునికాకు కోత. సంతకాల కోసం సాయంత్రం కల్లానికే వెళ్లాను. పొద్దుటినుంచి ఆకు కోసిన వేళ్లు నల్లబడి ఉన్నాయి. ఒక పెద్దమ్మ వేలిముద్ర సరిగ్గా పడక, కొంగుతో తుడుచుకుని మళ్లీ వేసింది.

“గీ కాయితం ఢిల్లీల ఎవలు సదువుతరు బిడ్డా?”

“కమిటీ పెద్దమ్మా. చదవడం వాళ్ల పని.”

నమ్మే చెప్పాను. హిందీలో టైపు చేయించి స్పీడ్‌పోస్టులో పంపాను.

జూలై 20న కమిటీ రిపోర్టు వచ్చింది. బిల్లులో మార్పేమీ లేదు. 26న లోక్‌సభ మూజువాణి ఓటుతో, ఆగస్టు 2న రాజ్యసభ ఆమోదించాయి. 4న రాష్ట్రపతి సంతకంతో చట్టమైంది. చాలా బాధేసింది.

కానీ రిపోర్టుకు కొందరు సభ్యులు అసమ్మతి నోట్లు జతచేశారు. ఒప్పుకోనివాళ్ల మాట కూడా పార్లమెంటు రికార్డులో ఉంటుందన్నమాట. వాటిని తెలుగులో రాసుకుని గ్రామసభలో చదివాను. పెద్దమ్మ ముందు వరసలో కూర్చుంది. ఐదు హెక్టార్ల ముక్క రెండుసార్లు చదివించుకుంది.