ఆరంగుళాల రబ్బరు చేప, ఐదు నెలల తిప్పలు

చేప ఆకారంలో ఉండే పెద్ద ఎరలతో గాలం వేయడం దసరా తర్వాత మొదలుపెట్టాను. హోలీ వచ్చేదాకా ఒక్క చేప పడలేదు. చిన్నప్పుడు అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఎర్రలు గుచ్చి, నెమలి ఈక కాడను బెండుగా కట్టి, గంటలో గిన్నెడు పరక చేపలు తీసినవాణ్ని. అందుకే ఆ ఐదు నెలలూ మరీ సిగ్గేసింది.

దీనంతటికీ మూలం వీడియోలు. అమెరికాలో బాస్ అనే చేపను జానెడు పొడవున్న ఎరలతో పడతారు. స్విమ్‌బెయిట్ అంటారు దాన్ని. చూడటానికి అచ్చం చేపే, లాగుతుంటే తోక ఆడిస్తూ ఈదుతుంది. మన చెరువుల్లో బాస్ లేకపోతేనేం, కొరమీను ఉంది కదా, అదీ మాటు వేసి మింగే జాతే కదా అనుకున్నాను. ఆలోచన తప్పు కాదు. ఆ తర్వాత చేసినవన్నీ తప్పులే.

ఎనిమిది అంగుళాల ఎర తెప్పించాను. దాదాపు వంద గ్రాములు. ఎంత పెట్టానో ఇంట్లో అప్పుడు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు. నా దగ్గరున్న రాడ్ మీద ఏడు నుంచి ఇరవై గ్రాములు అని రాసి ఉంది. ఆ అంకెలు ఎందుకు వేస్తారో మూడో విసురుకే తెలిసింది. టప్‌మని రాడ్ కొస విరిగి, ఎరతో పాటు నీళ్లలో పడింది.

మళ్లీ ఖర్చు. బరువైన ఎరలకు పనికొచ్చే గట్టి రాడ్, బెయిట్‌కాస్టింగ్ రీలు, యాభై పౌండ్ల బరువు ఆపే అల్లిక దారం. ఈ రీలుతో ఇంకో తంటా. ఎర నీళ్లను తాకే క్షణానికి దారం చుట్టి ఉండే స్పూల్‌ను బొటనవేలితో ఆపాలి. ఆపకపోతే స్పూల్ తిరుగుతూనే ఉంటుంది, దారం లోపల్లోపలే జడలు కట్టేస్తుంది. అల్వాల్‌లో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద, ఎరకు కొక్కాలు తీసేసి, రెండు వారాలు పొద్దున్నే సాధన చేశాను. చిన్న ఎరను విసిరినట్టు మణికట్టుతో ఝాడిస్తే కుదరదు. కొస నుంచి రెండడుగుల దారం వదిలి, రెండు చేతులతో రాడ్‌ను నెమ్మదిగా వెనక్కి తీసుకెళ్లి, ఎర బరువుతోనే ముందుకు వెళ్లనివ్వాలి. నీళ్ల ట్యాంకు వెనక నుంచి వాచ్‌మన్ ఒకరోజు అడిగాడు, "సార్, పైన చేపలున్నయా?" అని.

నేను వెళ్లేది శామీర్‌పేట దాటాక, లోపలికున్న ఒక ఊరి చెరువుకు. అక్కడ హక్కు మత్స్య సహకార సంఘానిది. సర్కారు వదిలే బొచ్చె, రోహు పిల్లలు పెరిగాక వాళ్లు వలలేసి పట్టి అమ్ముకుంటారు. సంఘం పెద్దను అడిగితే ఆదివారాలు గాలం వేసుకోమన్నాడు, అరకిలో కంటే చిన్నవి వదిలెయ్యమన్నాడు. అడక్కుండా గట్టెక్కితే మాత్రం గొడవే. అందులో న్యాయం కూడా ఉంది, అది వాళ్ల బతుకుదెరువు.

చలికాలమంతా ఆ ఎనిమిది అంగుళాల ఎరను గుర్రపుడెక్క పక్కనే విసురుతూ పోయాను. మూడేసి ముళ్లున్న కొక్కాలు కావడంతో ప్రతి విసురుకూ నాచు, తూటి తీగలు తట్టెడు వచ్చేవి. సంఘం పెద్దాయన తెప్ప మీద నుంచి చూసి చూసి ఒకరోజు అనేశాడు.

"గది ఎర గాదు సారూ, బండ. అది పడ్డ సప్పుడుకు చేపలన్నీ ఆ గట్టుకు పోతున్నయి."

"మరెట్ల కాకా?"

"నువ్వు నీళ్లను జూస్తలేవు. కొరమట్ట ఊపిరికి పైకొస్తది. యాడ లేసిందో అది జూసి ఏస్తరు. యాడ వడితే ఆడ ఇసురుడేంది?"

కొరమీను గాలి పీల్చే చేప అని నాకు తెలియక కాదు. అంగట్లో కొద్దిపాటి నీళ్లున్న టబ్బుల్లో ప్రాణంతో ఉండేది అందుకే. పైకి రానివ్వకపోతే అది నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. మన రాష్ట్ర చేప అది, ఈ సంగతి బడిపిల్లలకూ తెలుసు. కానీ ఆ తెలిసినదాన్ని గట్టు మీద వాడుకోవాలని తట్టలేదు. ఆ రోజే పెద్దాయన తన వలలో పడ్డ ఒక కొరమీనును కోస్తే పొట్టలో నాలుగు వేళ్ల వెడల్పున్న జిలేబీ చేప పిల్ల ఉంది, ఇంకా పొలుసు కూడా ఊడలేదు.

నా ఎర రంగు గురించి అప్పుడు ఆలోచించాను. వెండి ఒళ్లు, పక్కన గులాబీ చార. అది ట్రౌట్ రంగు. కాలిఫోర్నియా జలాశయాల్లో గాలం వేసేవాళ్ల కోసం ట్రౌట్ చేపల్ని వదులుతారు, వాటిని మింగి అక్కడి బాస్‌లు బలుస్తాయి. అంత పెద్ద ఎర, ఆ రంగు పుట్టింది అందుకోసం. మేడ్చల్ జిల్లా కొరమీనుకు ట్రౌట్‌తో ఏం పని?

ఆరంగుళాల మెత్తటి ఎర కొన్నాను, నలభై గ్రాముల లోపు, జిలేబీ పిల్లలాగే బూడిద ఒంటి మీద నల్ల పట్టీలు. మూడు ముళ్ల కొక్కాలు మానేసి ఒకే పెద్ద కొక్కెం, దాని మొన ఎర వీపులోనే దాగి ఉండేలా గుచ్చాను. నాచు తగలడం సగానికి సగం తగ్గింది.

హోలీ తర్వాతి ఆదివారం, ఇంకా ఎండ ఎక్కలేదు. తామరాకుల అంచున గుబుక్ అని చిన్న శబ్దం, ఒక సుడి. మునుపైతే సరిగ్గా ఆ సుడి మీదే వేసేవాణ్ని. ఈసారి దానికి పది పన్నెండు అడుగులు అవతల వేసి, ఆ పక్క నుంచి నెమ్మదిగా లాగాను. తోక కొట్టుకోవడం చేతికి తెలుస్తోంది. దభీమని గుద్దింది. నేను ఎగిరిపడి రాడ్ లాగేశాను, ఎర ఖాళీగా వచ్చి ఛాతీకి తగిలింది. ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చున్నాను. కొంచెం ఎడమగా మళ్లీ లేచింది. ఈసారి గుద్దగానే రాడ్ కొస దించి, దారం బిగిసేదాకా రీలు తిప్పి, అప్పుడు పక్కకు గట్టిగా లాగాను. కొరమీను నోరు ఎముక, మెత్తగా లాగితే కొక్కెం దిగదు. దిగింది. కిలోన్నర పైనే. చేతులు అరగంట వణికాయి.

ఆ రోజు పులుసు. తర్వాత పడ్డవి చాలావరకు వదిలేశాను. కిలో ఐదారు వందలు పెట్టి కొనే చేపను వదిలి రావడం మా ఆవిడకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

వానలు పడ్డాక ఒకచోట నీళ్ల పైన ఎర్రెర్రగా పిల్లల గుంపు కనిపించింది. కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది, ఏది దగ్గరికొచ్చినా గుద్దుతుంది. అక్కడ ఎర వేస్తే పదిసార్లకు తొమ్మిదిసార్లు పడుతుంది. కాక తెప్ప మీద నుంచే చెయ్యి అడ్డంగా ఊపాడు. నేను అప్పటికే దారం చుట్టేస్తున్నాను.

ఇప్పటికి పదకొండు పడ్డాయి. తోక కొరికి పారిపోయినవి అంతకు రెట్టింపు. ఆ గొడవకు ఇంకా మందు దొరకలేదు. వెనక ఇంకో చిన్న కొక్కెం పెడితే నాచు, పెట్టకపోతే తోక పోతుంది. తెగిన తోకల్ని లైటర్‌తో కరిగించి అతికిస్తున్నాను. వాసనకు మా ఆవిడ వంటింట్లోంచి వెళ్లగొట్టింది కాబట్టి, ఆ పని బాల్కనీలో.